చేజారిన మూడో బంతి

నా దస్తూరి బాగుంటుంది. ఇది సొంత డబ్బా కాదు, మా ఊళ్ళో శుభలేఖల మీద పేర్లు రాయించుకోవడానికి వీధి వీధంతా మా ఇంటికే వచ్చేది. బహ్రెయిన్ వెళ్ళాక ఆ దస్తూరే నన్ను మీనా సల్మాన్‌లో ఒక గోదాముకి స్టోర్‌కీపర్‌ని చేసింది. రేవుకొచ్చే ఓడలకి బియ్యం, ఉల్లిపాయలు, గడ్డకట్టిన కోళ్ళు సరఫరా చేసే కంపెనీ అది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ దస్తూరి నన్ను ఒక బేస్‌బాల్ జట్టుకి స్కోరర్‌ని కూడా చేసింది. దానివల్ల ఒక మనిషికి నేను చేసిన నష్టం ఇన్నేళ్ళైనా మింగుడు పడటం లేదు.

మా కఫీల్, అంటే మా వీసాలన్నీ గుప్పిట్లో ఉన్న యజమాని, కుర్రతనంలో అమెరికాలో చదివాడు. అక్కడ ఏం చదివాడో మాకెవరికీ తెలియదు, తెచ్చుకున్నది మాత్రం బేస్‌బాల్ పిచ్చి. కర్జకాన్ దగ్గర తన ఖర్జూరపు తోట పక్కనున్న ఖాళీ నేలని రోలరుతో తొక్కించి గ్రౌండు చేయించాడు. ఆటలో నాలుగు మూలలా నాలుగు బేసులు ఉండాలి కదా, వాటికి ఇసక నింపిన బాస్మతి సంచులు పెట్టించాడు. గీతలు గీయడానికి సున్నం బదులు మా గోదాములో పురుగు పట్టిన మైదా వాడేవాళ్ళం. మైదా వాసనకి పక్కతోట మేకలు వచ్చి గీతల్ని శుభ్రంగా నాకేసేవి. బంతి గీత లోపల పడిందా బయట పడిందా అని గొడవ వస్తే సాక్ష్యం చెప్పాల్సింది మేకలే.

చలికాలం వస్తే ప్రతి శుక్రవారం పొద్దున్న మ్యాచి ఉండేది. ఓడల మరమ్మతు యార్డు వాళ్ళు, ఒక కొరియా కాంట్రాక్టు కంపెనీ వాళ్ళు, జపాన్ ఇంజనీర్లు మా ప్రత్యర్థులు. మా జట్టంతా గోదాము మనుషులే. ఆట తెలిసినవాళ్ళు ముగ్గురు ఫిలిప్పీన్స్ వాళ్ళు. మిగతావాళ్ళు తెలుగువాళ్ళు, మలయాళీలు, ఎలా వచ్చాడో తెలియని ఒక పెషావరు వాడు. బేస్‌బాల్‌లో బంతిని కొట్టగానే బ్యాటు పడేసి పరిగెత్తాలి. మా మలయాళీ గుమాస్తా ఒకాయన మూడేళ్ళు చెప్పినా బ్యాటుతో సహా పరిగెత్తి, వంగి బాస్మతి సంచికి బ్యాటు ఆనించేవాడు. ఆనించాక చెయ్యెత్తి అంపైరుకి చూపించేవాడు కూడా.

కఫీల్ ఆఫీసులో నున్నటి చెక్క బోర్డు ఒకటి ఉండేది. దాని మీద బంగారు రంగుతో ఇంగ్లీషులో 'జట్టు చరిత్ర' అని రాయించాడు. జట్టు పుట్టి నిండా పదేళ్ళు కాలేదు, అప్పుడే చరిత్ర. అందులో అన్నిటికంటే పైన ఉన్నది స్ట్రైకౌట్ల లెక్క. బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. అతను విసిరిన బంతుల్లో మూడింటిని బ్యాట్స్‌మన్ కొట్టలేకపోతే అది పిచ్చర్ ఖాతాలో ఒక స్ట్రైకౌట్. పుస్తకంలో దాని గుర్తు ఇంగ్లీషు 'కె' అక్షరం. జట్టు మొదలైన కొత్తలో ఆడిన ఒక తెల్లాయన, డీజిల్ ఇంజనీరు, రెండు వందల పద్దెనిమిది స్ట్రైకౌట్లతో ఆ బోర్డు నెత్తిన కూర్చున్నాడు. ఆ లెక్క రాసుకున్నది కూడా ఆయనే.

ఆయన దేశం వదిలి పోతూ పుస్తకం నాకు అప్పజెప్పాడు. ఒక మధ్యాహ్నం టీ తాగుతూ పాఠం చెప్పాడు. మూడు స్ట్రైకులు, వెనకున్న క్యాచర్ చేతిలో బంతి, కె రాయి అన్నాడు. ఇంకా కొన్ని మెలికలున్నాయని మొదలుపెట్టబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. మా తాలూకాలో టెన్నిస్ బాల్ క్రికెట్ పోటీలకి పదకొండేళ్ళు స్కోరు రాసినవాణ్ణి నేను. ఒకసారి ఫైనల్లో సర్పంచి బావమరిదికి ఒక్క పరుగు కలపమంటే కలపలేదు. నా సైకిలు ట్యూబులు రెండూ కోసేశారు. అయినా కలపలేదు. అలాంటివాడికి మెలికలు నేర్పడమేమిటని నాకు రోషం వచ్చింది.

ఇక మా పిచ్చర్. అతను మా కోల్డ్ స్టోరేజీ మెకానిక్, ఫిలిప్పీన్స్ మనిషి. వాళ్ళ భాషలో అన్నని కుయా అంటారట, గోదామంతా అతన్ని కుయా అనే పిలిచేది. యాభై దాటిన పొట్టి మనిషి. పగలల్లా కంప్రెసర్ల కింద పడుకుని గ్యాసు లీకులు వెతికేవాడు. శుక్రవారం ఆ చేత్తోనే బంతి విసిరితే అది తిన్నగా వచ్చి వచ్చి, బ్యాటు ముందుకు రాగానే కిందకి దిగిపోయేది. బ్యాట్స్‌మన్ గాలిని నరికి తన బ్యాటు వైపు అనుమానంగా చూసుకునేవాడు.

రెండువేల మూడు నవంబర్లో, సీజను మొదలయ్యే ముందు, కుయా కఫీల్ దగ్గరకి వెళ్ళి ఇక ఇంటికి పోతానన్నాడు. అతనికి ఒక్కతే కూతురు, నర్సు చదువు చివరి ఏడాదిలో ఉంది. చదువవగానే ఏదో చలిదేశానికి ఉద్యోగానికి వెళ్ళిపోతుంది. ఆ పిల్ల పుట్టినప్పుడు ఇతను సౌదీలో ఉన్నాడు. బడికి వెళ్ళినప్పుడు కువైట్‌లో ఉన్నాడు. పెద్దమనిషయినప్పుడు ఇక్కడే, మా కోళ్ళ గదిలో ఉన్నాడు. అది వెళ్ళిపోయేలోగా కొన్ని నెలలు ఒకే ఇంట్లో ఉండాలి, అది వండింది తినాలి, అంతే అతను అడిగింది.

సరుకు చీటీల మీద సంతకాల కోసం నేనూ ఆ గదిలోనే ఉన్నాను. కఫీల్ అంతా విని లేచి, బోర్డు దగ్గరకి వెళ్ళి, ఆ రెండు వందల పద్దెనిమిది మీద వేలు పెట్టాడు.

"ఇది దాటు. దాటిన మర్నాడు ఖలాస్, నీ పాస్‌పోర్టు నీ చేతిలో పెడతాను. ఎయిర్‌పోర్టుకి నా కారులో నేనే దింపుతాను. దాటకుండా వెళ్ళిపోతే చరిత్రకి అన్యాయం చేసినట్టే."

హాస్యమాడుతున్నాడనుకున్నాం. కాదు. చెయ్యి చాపి కుయా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. మా కఫీల్ చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఎంబసీకి వెళ్ళేవాళ్ళం. ఇతను జ్వరమొస్తే ఇంటి నుంచి సూపు పంపే మనిషి, ఇచ్చిన మాట తప్పని మనిషి. కాకపోతే ఆ మాట అటూ ఇటూ రెండు వైపులా తప్పేవాడు కాదు, దాటితే పంపిస్తాడు, దాటకపోతే పంపడు.

అప్పటికి కుయాకి ఇంకా డెబ్భై దాకా కావాలి. మనసు పెట్టి విసిరితే ఒక సీజను పని. గోదామంతా అదే ధ్యాస. కుయా ఆదివారం భుజం పట్టుకుంటే ఉల్లిపాయల బస్తాల దగ్గర గుసగుసలు మొదలయ్యేవి. నేను మనామాలో బట్టల బజారు వెనకున్న గుడిలో కొబ్బరికాయ మొక్కుకున్నాను. సంగతి తెలిసిన కొరియా వాళ్ళు జాలిపడి, కొట్టగలిగిన బంతులకి కూడా కావాలని గాలిలో ఊపడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండింది. ఆట మధ్యలో పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళి, "ఇది ఫిక్సింగ్. ఇంకోసారి ఇలా చేస్తే రాయను," అని వాళ్ళ కెప్టెన్‌కి చెప్పొచ్చాను. ఆ పూట మిగిలిన బంతులన్నీ వాళ్ళు చచ్చీచెడీ కొట్టారు. నా నిజాయితీ చూసి నేనే మురిసిపోయాను.

క్యాచర్ గురించి చెప్పాలి. బ్యాట్స్‌మన్ వెనక కూర్చుని బంతి పట్టేది నా రూమ్మేటు, కంపెనీ వ్యాను డ్రైవరు, నిజామాబాద్ దగ్గరి సాయిబు. మనిషి నిండుగా ఉంటాడు కాబట్టి బంతి ఎటూ పోదని కఫీల్ అతన్ని అక్కడ కూర్చోబెట్టాడు. ప్రతి శుక్రవారం మమ్మల్ని వ్యానులో ఎక్కించుకుని, జిదాఫ్స్ బజారులో ఆపి సమోసాలు కొనిపెట్టి, ఆ నూనె చేతులతోనే గ్లవ్ తొడుక్కునేవాడు. కుయా బంతి చివర్లో కిందకి దిగేది. మనవాడి చేతులు పైనే ఉండేవి.

"గది బంతి గాదు భాయ్, పాము. పట్టుకుందామంటే కాళ్ళ నడుమకెల్లి పోతది," అనేవాడు.

ఇక్కడే ఉంది మెలిక. మూడో స్ట్రైకు బంతిని క్యాచర్ పట్టలేక జారవిడిస్తే, బ్యాట్స్‌మన్‌కి మొదటి బేసుకి పరిగెత్తే అవకాశం ఉంటుంది. చేరితే బతికిపోతాడు. ఈలోగా క్యాచర్ బంతి ఏరుకుని బేసుకి విసిరితే ఔటవుతాడు. నేను మొదటిదానికి 'క్యాచ్ వదిలాడు, నాటౌట్' అనీ, రెండోదానికి 'రనౌట్' అనీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. క్యాచ్ వదిలితే బౌలర్‌కి వికెట్ ఇచ్చినవాడు భూప్రపంచంలో ఉన్నాడా? రనౌట్ బౌలర్ ఖాతాలో వేసిన స్కోరరు ఉన్నాడా? అందుకని ఆ రెంటిలో దేనికీ కుయాకి కె ఇవ్వలేదు. ఒక్క మనిషిని అడగలేదు, ఒక్క పుస్తకం తిరగెయ్యలేదు.

కుయా ఒకే ఒక్కసారి అడిగాడు. మా మధ్య నడిచేది ముక్కల హిందీ, అందులోనే అడిగాడు.

"సర్, ఆ చివరిది కె కాదా?"

"ఎలా అవుతుంది కుయా? అదుగో, మనిషి బేసు మీద నిలబడి నవ్వుతున్నాడు. అతన్ని చూపించి ఔటని రాస్తే లోకం నవ్విపోదూ?"

"ఓకే, సర్," అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

మార్చి చివరికి ఎండలు ముదిరి సీజను ముగిసింది. నా లెక్కలో కుయా రెండు వందల పది దగ్గర ఆగిపోయాడు. తొమ్మిది తక్కువ. కుయా కఫీల్ని బతిమాలాడు. కఫీల్ అతని భుజం చుట్టూ చెయ్యి వేసి, "తొమ్మిదే కదా, నవంబర్లో మొదటి మ్యాచిలో ఊదేస్తావు, ఇన్షా అల్లా," అన్నాడు. పక్కనే నిలబడి నేను కూడా తలూపాను.

ఏప్రిల్‌లో కూతురి చదువైపోయింది. ఆగస్టులో, కోళ్ళ గదిలో మోటారు కాలిపోయి కుయా ఒళ్ళంతా నూనెతో ఉన్న రోజున, అది చలిదేశానికి విమానం ఎక్కింది. మర్నాడు అతను పెద్ద అల్యూమినియం ట్రేలో సేమ్యాలాంటిది ఏదో వండి తెచ్చి గోదాములో అందరికీ పెట్టాడు. మా కూతురు వెళ్ళింది, మంచి జీతం, మంచి హాస్పిటల్, తినండి తినండి అన్నాడు. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

నవంబరు వచ్చింది. మొదటి మ్యాచి జపాన్ వాళ్ళతో. వాళ్ళ స్కోరరు కొత్తగా వచ్చిన చిన్న ఇంజనీరు, నాకంటే దస్తూరి బాగున్నవాణ్ణి జీవితంలో మొదటిసారి చూశాను. ఆట అయ్యాక ఇద్దరం పుస్తకాలు పక్కపక్కన పెట్టుకున్నాం. నా పుస్తకంలో కుయాకి ఏడు. అతని పుస్తకంలో పది. అతను మర్యాదగా తలవంచి మూడు చోట్ల పెన్సిలు పెట్టి చూపించాడు. మూడూ మా సాయిబు జారవిడిచినవే. నేను అరగంట వాదించాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నాను. అతను సంచిలోంచి రూల్సు పుస్తకం తీసి, పేజీ తెరిచి, నా ముందు పెట్టి, మంచినీళ్ళు తాగడానికి వెళ్ళిపోయాడు. పిచ్చర్ తన పని చేశాడు, బంతి జారడం క్యాచర్ తప్పు, బ్యాట్స్‌మన్ బేసు చేరినా చేరకపోయినా స్ట్రైకౌట్ పిచ్చర్‌దే. అంత విడమరిచి ఉంది.

ఆ మధ్యాహ్నం క్యాంపు గదిలో కూర్చుని నా పాత పుస్తకాలన్నీ తిరగేశాను. నా జాగ్రత్తే నాకు ఉరితాడయింది. ఒక్కటి కూడా వదలకుండా, ఏ బంతి జారిందో, ఎవడు పరిగెత్తాడో, అంతా రాసి పెట్టుకున్నాను. నేను మింగేసినవి ముప్పైకి పైన తేలాయి. రెండు వందల పందొమ్మిదోది ఫిబ్రవరిలో కొరియా వాళ్ళ మ్యాచిలో పడింది. దాని పక్కన నేను 'క్యాచ్ వదిలాడు, నాటౌట్' అని రాసి కింద గీత కూడా గీశాను. ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు ఆ పిల్ల ఇంట్లోనే ఉంది. ఆ ఆరు నెలలూ కుయా మా గోదాములో ఉన్నాడు.

మంచం మీద పడుకున్న మా సాయిబుకి చెప్పాను. లేచి కూర్చున్నాడు.

"నా చేతులల్లకెల్లి పడ్డదానికి గాయనకు శిచ్చ ఏంది భాయ్?"

"శిక్ష వేసింది నువ్వు కాదు, నేను."

"ఇగ జెప్పకు. ఇంక రెండే గదా గావాలె. వచ్చే శుక్రవారం అయిపోతయ్. ఎవ్వలికి ఎర్కయితది?"

"నాకు తెలుసు కదా భాయ్," అన్నాను. అతను గ్లవ్ వైపు చూసుకుని మళ్ళీ పడుకున్నాడు.

శనివారం పొద్దున్నే పుస్తకాలన్నీ మోసుకుని కఫీల్ ముందు నిలబడ్డాను. వీసా రద్దు చేస్తాడనీ, చెంప పగలగొడతాడనీ సిద్ధపడే వెళ్ళాను. కఫీల్ అంతా విన్నాడు. ఆయన మొహం వాడిపోయింది.

"ఫిబ్రవరిలో ఏ మ్యాచి?"

"కొరియా వాళ్ళది."

"యా అల్లా! ఆ రోజు నేను పెళ్ళికి పోయాను. చరిత్ర జరిగింది, నేను చూడలేదు!"

ఆయన బాధ అది. అయిదు నిమిషాల్లో దానికి మందు కూడా కనిపెట్టాడు. వచ్చే శుక్రవారం ఆ రెండు వందల పందొమ్మిదో స్ట్రైకౌట్‌ని అందరం కలిసి మళ్ళీ జరిపించాలి, ఫోటోగ్రాఫర్ని పిలవాలి, యల్లా, పదండి పదండి అన్నాడు.

జరిపించాం. ఆనాటి కొరియా బ్యాట్స్‌మన్ పాపం సెలవు పెట్టుకుని వచ్చాడు. తను ఆ రోజు నిజానికి బేసు చేరాడు కాబట్టి ఇప్పుడూ చేరితీరాలని ముందే షరతు పెట్టాడు. కుయా విసిరాడు. కొరియా అతను గాలిని నరికాడు. చరిత్ర ప్రకారం మా సాయిబు బంతి జారవిడవాలి. పోయిన సీజనంతా కాళ్ళ సందున వదిలినవాడు, ఆ రోజు రెండు చేతులతో ఠపీమని పట్టాడు. కఫీల్ తల కొట్టుకున్నాడు. రెండోసారీ పట్టాడు. మూడోసారి కళ్ళు మూసుకుని కూర్చోమంటే, బంతి తిన్నగా వచ్చి గ్లవ్‌లోనే ఇరుక్కుంది.

"ఏం జెయ్యాలె భాయ్, ఇయ్యాల్ల ఆగుతున్నది," అని ఏడుపు మొహం పెట్టాడు.

చివరికి పట్టిన బంతిని చేత్తో తీసి ఇసకలో పడేయమన్నారు. కొరియా అతను పరిగెత్తి బాస్మతి సంచి మీద నిలబడ్డాడు. ఫోటో తీశారు. కుయా మధ్యలో నిలబడి, చెప్పినప్పుడల్లా నవ్వాడు. కఫీల్ మూడంతస్తుల కేకు కోయించాడు. ఆ కేకులో నాకూ వాటా వచ్చింది. చరిత్రని సరిదిద్దినందుకు 'ఉత్తమ స్కోరర్' అని ఒక ఇత్తడి షీల్డు నా చేతిలో పెట్టి అందరితో చప్పట్లు కొట్టించాడు. తీసుకోనంటే ఊరుకోలేదు. ఆ చప్పట్ల మధ్య నిలబడినప్పటి కంటే ఎక్కువ సిగ్గుపడిన సందర్భం నాకు ఇంకోటి లేదు.

పదిరోజుల్లో కుయా కాగితాలు వచ్చాయి. కఫీల్ మాట ప్రకారం తనే కారు నడిపాడు. నేను వెనక సీట్లో పెట్టెల మధ్య కూర్చున్నాను. ఎయిర్‌పోర్టు దగ్గర ఆయన కారు నిలపడానికి చోటు వెతుక్కుంటూ వెళ్ళాడు. నేనూ కుయా తలుపు దగ్గర మిగిలాం. పది రోజులుగా నోట్లో నానుతున్న మాట అప్పుడు చెప్పాను.

"కుయా, తప్పు నాది. నువ్వు ఫిబ్రవరిలోనే వెళ్ళాలి. నీ కూతురు అప్పుడు ఇంట్లోనే ఉంది."

"తెలుసు, సర్," అన్నాడు. "నేనూ లెక్కపెట్టుకున్నాను. చిన్నప్పటినుంచి ఆడుతున్నా కదా."

"మరి అడగలేదేం?"

"ఒకసారి అడిగాను కదా. నువ్వు కాదన్నావు. కఫీల్ నీతో అలా రాయిస్తున్నాడని అర్థమైంది. నీ పాస్‌పోర్టు కూడా ఆయన దగ్గరే ఉంది. నేను మళ్ళీ అడిగితే నీకు కష్టం. నువ్వూ ఇంటికి వెళ్ళాలి కదా, సర్."

కఫీల్ ఏమీ చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు, నాకు తెలుసనుకుని నేనే రాశాను అన్నాను. రెండుసార్లు చెప్పాను. కుయా నా భుజం తట్టి నవ్వాడు. యజమాని మీద చాడీ చెప్పడానికి భయపడుతున్న మనిషిని చూసి నవ్వే నవ్వది. "ఓకే, సర్, ఓకే," అని పెట్టెలు తోసుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

భయపడి రాశానని నమ్మాడు కాబట్టి నన్ను క్షమించాడు. భయమే లేకుండా, కింద గీత గీసి మరీ రాశానని చెబితే నమ్మలేదు. ఆ క్షమ నాకు రావలసింది కాదు. అతను వెళ్ళిపోయాడు కాబట్టి తిరిగి ఇచ్చేయడానికీ వీల్లేకపోయింది.